దేవుళ్ళ మూల

మా వీధి మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఇరవై అడుగుల పొడవు గోడ ఒకటి ఉంది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎవరిదీ కాదు కాబట్టి మారేడ్‌పల్లిలో సగం మంది తమ ఇంటి చెత్త దాని కింద వదిలి పోయేవారు. నడిచి వచ్చి వేసేవాళ్ళు తక్కువ. స్కూటీ ఆపకుండా, కాలు కింద పెట్టకుండా, ముడేసిన నల్ల కవరును గోడకేసి విసిరి పోయేవాళ్ళే ఎక్కువ. కూతుర్ని బడిలో దింపడానికి పోతూ, బండి మీద ముందు నిలబడ్డ ఆ పిల్ల చేతనే కవరు విసిరించిన తండ్రిని కూడా ఈ కళ్ళతో చూశాను. గురి తప్పి కవరు రోడ్డు మధ్యలో పగిలితే, "పర్లేదు నాన్నా, రేపు బాగా వేద్దువులే" అని ఓదార్చాడు ఆ మహానుభావుడు.

నేను ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. సికింద్రాబాద్ స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి దిగే మనిషి నడక చూసి టికెట్ ఉందో లేదో చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఎవరూ దొరక్క, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పదవి పుచ్చుకున్నాను. నా పేరు ఉదయ్ భాస్కర్. వీధిలో అందరూ టీసీ సార్ అనే అంటారు. నాకు ముక్కు మీద కోపం అని కూడా అంటారు, అది నా వెనకాల.

ఆ మూల మీద నేను చేయని యుద్ధం లేదు. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని బోర్డు పెట్టిస్తే, నెల తిరిగేసరికి బోర్డు మెడ దాకా చెత్తలో మునిగింది. 'మీరు కెమెరాలో ఉన్నారు' అని రాయించాను. కెమెరా లేదని అందరికీ తెలుసు. చివరికి కవర్లు విప్పి, లోపలి కొరియర్ అట్టపెట్టెల మీద చిరునామాలు చూసి, ఎవరి చెత్త వాళ్ళ గుమ్మం ముందు పెట్టి బెల్లు కొట్టడం మొదలుపెట్టాను. ఒకాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, "మాది కాదండీ, మా పేరు మీద ఎవరో ఆర్డర్ పెట్టుకుని ఉంటారు" అన్నాడు. ఆ అబద్ధానికి నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. మా ఆవిడ నాగజ్యోతి మాత్రం, "ఊళ్ళోవాళ్ళ ఎంగిలి కవర్లు కెలికొచ్చారు, ముందు బయట పంపు దగ్గర చేతులు కడుక్కోండి" అని గుమ్మంలోనే ఆపేసేది.

ఈ యుద్ధంలో నాకు తోడుగా ఉన్నది ఒక్క పుష్పమ్మే. ఆమె మా వీధి ఊడ్చే మనిషి. యాభై దాటి ఉంటాయి. అల్వాల్ అవతల ఒక బస్తీలో కూతురితో ఉండేది. తెల్లవారుతూనే మొదటి బస్సుకు వచ్చి, సూపర్‌వైజర్ ఫోనుకు మొహం చూపించి హాజరు వేయించుకుని, చీపురు పట్టేది. షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. అయినా ఆ మూల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని పట్టుదల వచ్చేది. చెత్తంతా ఆటోకి ఎత్తించి, నేల కడిగి, ముగ్గు వేసేది. మధ్యాహ్నానికి ఆ ముగ్గు మీదే కవర్లు పడేవి.

"గీళ్ళకు ముగ్గు సుత కనబడ్తలేదు సార్" అని ఒకరోజు ఆమె అంటే, నాకు ఆ క్షణాన తట్టింది. ముగ్గుకు భయపడనివాడు దేవుడికి భయపడతాడు కదా అనుకున్నాను. అసోసియేషన్ తరఫున గోడకు వెంకటేశ్వరస్వామి, దుర్గమ్మ, సాయిబాబా టైల్స్ అతికించి, కింద చిన్న సిమెంటు గట్టు కట్టించాను. పుష్పమ్మ పసుపు రాసి, రెండు బంతిపూలు పెట్టింది.

చెత్త ఆగిపోయింది. నిజంగా, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. బండి మీద కవరుతో వచ్చినవాడు, దేవుణ్ణి చూసి కవరు వెనక్కి దాచుకుని దండం పెట్టుకుని పోయాడు. ఆ కవరు ఇంకో వీధిలో విసిరాడని నాకు తెలుసు. అది ఆ వీధి సెక్రటరీ చూసుకుంటాడు అనుకున్నాను. రెండు నెలలు నేను ఆ మూల పక్కనుంచి నడుస్తుంటే నాకే నడకలో ఒక ఠీవి వచ్చింది.

దసరాకి అందరూ ఇళ్ళు దులుపుకున్నారు. పాత దేవుడి పటాలు తీసి కొత్తవి పెట్టుకున్నారు. పాత పటాన్ని చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ చేతులు రావు. అద్దం పగిలిన పటం ఇంట్లో ఉంచుకోకూడదు. మరి ఏం చెయ్యాలి? మా మూలన దేవుళ్ళున్నారు. మొదట అద్దం చీలిన లక్ష్మీదేవి వచ్చి గట్టు మీద కూర్చుంది. మర్నాడు చెదపట్టిన రాముల వారి పట్టాభిషేకం. ఆ తర్వాత పెళ్ళికి ఎవరో ఇచ్చిన మెరుపుల ఫ్రేము వినాయకుడు. ఎవరూ చెత్త వేస్తున్నామనుకోలేదు. దేవుణ్ణి దేవుడి దగ్గర వదిలి, చెంపలేసుకుని, నిమ్మళంగా వెళ్ళిపోయారు.

మా ఇంటివి రెండు. మా అమ్మ నాటి పటాలు, గుడివాడ నుంచి మాతో వచ్చినవి. ఒకదాని అద్దం మూల విరిగి ఉంది. నాగజ్యోతి గుడ్డలో చుట్టి ఇస్తే నేనే పట్టుకెళ్ళి, గుడ్డ విప్పి, గోడకు ఆనించి వచ్చాను. అద్దం విరిగిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

కార్తీకం వచ్చేసరికి పటాల గుట్ట నా మోకాళ్ళ ఎత్తుకు లేచింది. వానకు తడిసి కాగితాలు ఉబ్బాయి. మేకులు తుప్పు పట్టాయి. ఒకదాని మీద ఒకటి పడి అద్దాలు పగిలాయి. వాటి మీద ఎండిన దండలు, కుళ్ళిన కొబ్బరిచిప్పలు, పెళ్ళి శుభలేఖలు. శుభలేఖ మీద కూడా వినాయకుడుంటాడు కదా. కుక్క ఒకటి వాటి మధ్య పిల్లల్ని పెట్టింది.

అదే సమయంలో మున్సిపాలిటీ వాళ్ళు శుభ్రమైన వీధుల్ని ఎంపిక చేసి ప్రశంసాపత్రాలు ఇస్తున్నారని తెలిసింది. మా మూల పాత ఫోటో, టైల్స్ పెట్టిన కొత్తలో తీసిన ఫోటో జతచేసి నేనే దరఖాస్తు పెట్టాను. సోమవారం చూడటానికి వస్తామని కబురొచ్చింది. శుక్రవారం పొద్దున చెత్త ఆటో నడిపే పర్వతాలును ఆపి ఆ గుట్టంతా తీసుకుపొమ్మన్నాను. అతను ఆటో దిగను కూడా దిగలేదు.

"నాతోని గాదు సార్. దేవుని ఫోటోలు చెత్తల ఏస్తే నా పిల్లలకు పాపం తగుల్తది. మీరే పెట్టిచ్చిన్రు, మీరే తీయుండ్రి" అని ఆటో ముందుకు పోనిచ్చాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు పుష్పమ్మను పిలిచాను. ఈ మాట నేను సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీని మీదే నిలబడింది. పుష్పమ్మ తనంతట తాను రాలేదు. నేను పిలిచాను.

"పుష్పమ్మా, రేపు పొద్దున ఆ ఫ్రేముల్లోంచి దేవుడి కాగితాలు విడిగా తీసి ఈ గోనెసంచిలో పెట్టు. నేను తీసుకెళ్ళి నీళ్ళలో కలిపించేస్తాను. అప్పుడు మిగిలింది ఉత్త కర్రా, అద్దమే కదా. పర్వతాలు తీసుకుపోతాడు" అన్నాను.

ఆమె గుట్ట వైపు చూసింది. "నేను దేవుండ్లను ముట్టుకోవచ్చునా సార్? పొద్దుగాలకెల్లి పెంటల ఉండే చేతులు."

"నీకంటే శుభ్రమైన చేతులు ఈ వీధిలో ఎవరికున్నాయి?" అన్నాను. మంచి మాట అన్నాననుకున్నాను. ఆమె నవ్వింది కూడా.

శనివారం పొద్దున ఆమె ఇంటి దగ్గరే తలస్నానం చేసి వచ్చింది. నేను మొదటి అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతున్నాను. ఆమె ముందు మా సెల్లార్ పంపు దగ్గర ఆగి, మోచేతుల దాకా ఉన్న రబ్బరు గ్లౌజులు విప్పి గోడ మీద పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. చెప్పులు కూడా విడిచింది. ఒట్టి కాళ్ళతో, ఒట్టి చేతులతో వెళ్ళి ఆ పగిలిన అద్దాల గుట్ట ముందు కూర్చుంది. చెత్తను ముట్టుకున్న గ్లౌజులతో దేవుణ్ణి ముట్టుకోకూడదని ఆమె ఆలోచన. నాకు అది పైనుంచే అర్థమైంది. అర్థమై, 'ఎంత భక్తి' అనుకున్నాను. గ్లౌజులు తొడుక్కో అని అరిచి చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. టికెట్ లేనివాణ్ణి నాలుగో ప్లాట్‌ఫారం నుంచి ఒకటో ప్లాట్‌ఫారానికి వినపడేలా పిలిచిన గొంతు నాది.

ఆమె ఒక్కొక్క పటాన్నీ కళ్ళకద్దుకుని, వెనక అట్ట ఊడదీసి, కాగితాన్ని జాగ్రత్తగా లాగింది. ఎక్కడా చిరగనివ్వలేదు. అరగంట తర్వాత ఒక పటం దగ్గర చెయ్యి విదిలించింది. అరచేతిలో, బొటనవేలి కింద అద్దం దిగింది. రక్తం కాగితం మీద పడకుండా చెయ్యి దూరంగా పెట్టుకుని పంపు దగ్గరికి వచ్చింది. నాగజ్యోతి పసుపు, పాత చీర పేలిక తీసుకుని కిందికి దిగింది.

"ఇప్పుడే ఇంజెక్షన్ చేయించుకో పుష్పమ్మా, తుప్పు మేకులు కూడా ఉన్నాయక్కడ. నీకసలే షుగరు" అంది.

"పని అయినంక పోతనమ్మా. మల్ల సార్ పరేషాన్ అయితడు, సోమారం పెద్దసార్లు వస్తున్నరట" అంది పుష్పమ్మ.

నేను పైనుంచి ఏమీ అనలేదు. పని మధ్యలో ఆగితే ఎలా అన్నదే ఆ నిమిషాన నా బెంగ. ఆమె పేలిక కట్టుకుని పటాలన్నీ పూర్తిచేసింది. ఆ తర్వాత అదే చేతికి చెత్త గ్లౌజు తొడుక్కుని మిగతా వీధి ఊడవడానికి వెళ్ళింది. ఏ పటం అద్దం కోసిందో ఎవరికీ తెలియదు. మా అమ్మ పటాలు కూడా ఆ గుట్టలోనే ఉన్నాయి. దేవుడి కాగితాల గోనెసంచి ఇప్పటికీ మా సెల్లార్‌లోనే ఉంది. నీళ్ళలో కలపడానికి నాకు తీరిక దొరకలేదు.

సోమవారం అధికారులు వచ్చారు. మూల అద్దంలా ఉంది. ముగ్గు ఉంది. ఫోటోలు తీశారు. పుష్పమ్మను కూడా పక్కన నిలబెట్టారు. ఆమె కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని నిలబడింది. పౌర బాధ్యత గురించి నేను ఐదు నిమిషాలు మాట్లాడాను. శుభ్రత మన గుమ్మం దగ్గర ఆగిపోకూడదు అన్నాను. చప్పట్లు కొట్టారు.

గురువారం నుంచి పుష్పమ్మ రాలేదు. వేరే ఆవిడెవరో వచ్చి ఊడ్చింది. పది రోజుల తర్వాత పర్వతాలు ఆటో ఆపి, ఇంజను కట్టేసి, నా దగ్గరికి నడిచి వచ్చాడు. అతను ఇంజను కట్టేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పుష్పమ్మకు చెయ్యి తీసేసిన్రు సార్. మణికట్టు దాంక. చీము మీదికి ఎక్కుతుందట, తీయకపోతే పానం పోతుండె అన్నరట సర్కారు దవాఖానల" అన్నాడు.

నాకు భయం వేసింది. ముందు వచ్చింది జాలి అని చెప్పాలని ఉంది, కానీ ముందు వచ్చింది భయమే.

తర్వాతి వారం ఆమె కూతురు భవాని మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, డిగ్రీ మధ్యలో ఆపేసింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, మా అమ్మది పని మీద అయిన దెబ్బ అని రాస్తే, దవాఖాన ఖర్చు మున్సిపాలిటీ వాళ్ళే చూస్తరు, ఆమె నౌకరీ నాకిస్తరు. కానీ సూపర్‌వైజర్ వేణుమాధవ్ సార్ అట్ల రాస్తలేడు. ఫోటోలు ఊడదీసుడు ఆమె పని గాదట. గ్లౌజులు తీసి పెట్టిందట. ఫ్రేములు స్క్రాప్‌ల అమ్ముకునేతందుకు విప్పింది అని రాసిండు" అంది. గొంతు తొణకలేదు. "మీరు చెప్తెనే చేసింది గద సార్. డ్యూటీ టైంల, మీరు చెప్పిన పని చేసింది అని అసోసియేషన్ తరఫున ఒక్క లెటర్ ఇయ్యుండ్రి. ఈ నెలాఖరు లోపల ఇస్తె చాలన్నరు. వేరే ఏమొద్దు."

"తప్పకుండా రాస్తానమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాలో కపటం ఏమీ లేదు.

ఆ పూటే రాశాను. 'నేను కోరగా, నా ఎదుట, పని వేళలో' అని మూడు ముక్కలూ ఉన్నాయి అందులో. నాగజ్యోతి చదివి, "ఇదే ఉంచండి. ఒక్క అక్షరం మార్చకండి" అంది. కానీ లెటర్‌హెడ్, స్టాంపు మా ప్రెసిడెంట్ సత్యదేవ్ దగ్గరుంటాయి. భీమవరం నుంచి వచ్చి గ్రానైట్ వ్యాపారం చేసుకుంటున్న మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, ఎవరినీ నొప్పించడు. ఆదివారం సెల్లార్‌లో కమిటీని కూర్చోబెట్టాడు.

నా కాగితం చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "ఉదయ్ భాస్కర్ గారూ, మీ మనసు మంచిదండీ. కాదంటానేంటి. కానీ ఇది ఇచ్చామంటే, గవర్నమెంటు మనిషి చేత ప్రైవేటు పని చేయించామని మనమే రాసిచ్చినట్టు. మూలలో టైల్సు పెట్టించింది ఎవరు? మనం. పటాలు పోగయ్యేలా చేసింది ఎవరు? మనం. చెయ్యి పోయిందండీ, చిన్న విషయం కాదు. రేపు కేసయితే మొదట పిలిచేది సంతకం పెట్టినవాణ్ణి. మీరు పెన్షన్ మీద బతికే మనిషి. ఆ కోర్టు మెట్లు మీరు ఎక్కగలరా చెప్పండి?"

"పటాలు మనం పెట్టలేదుగా, ఎవరెవరో పెట్టారు" అంది మూడో అంతస్తు ఆవిడ.

నాకు ఒళ్ళు మండింది. "ఇక్కడ కూర్చున్నవాళ్ళలో అక్కడ పటం పెట్టనివాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను.

ఎవరూ ఎత్తలేదు. పెట్టామని కూడా ఎవరూ అనలేదు. ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఒకావిడ పిల్లకు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. నేను పెట్టాను, అద్దం విరిగినదే పెట్టాను అని నాతో మొదలుపెట్టి ఉంటే ఇంకొకరు నోరు విప్పేవారేమో. నేను కూడా చెప్పలేదు. అందరి తప్పు పట్టుకోవడం అలవాటైన వాడికి తన తప్పు నాలుక దాకా రాదు.

సత్యదేవ్ ఇంకో కాగితం రాశాడు. పుష్పమ్మ చాలా నిజాయితీపరురాలు అని, ఆమె సేవలు మరువలేనివి అని, పాత దేవుడి పటాలు అలా పడి ఉండటం చూడలేక 'దైవభక్తితో, ఎవరూ చెప్పకుండానే, తనంతట తాను' వాటిని తీసిందని అందులో ఉంది. "దొంగతనం మాట పోతుంది. మర్యాద నిలబడుతుంది. ఇంకేం కావాలండీ? కింద ఆవిడ వేలిముద్ర కూడా వేయించండి, ఇలాగే జరిగిందని. అప్పుడు మనకే ఇబ్బందీ ఉండదు. ఆ అమ్మాయికి పని సంగతి నేను చూస్తాను" అన్నాడు. నేను సంతకం పెట్టాను. స్టాంపు ప్యాడ్ ఒకటి నా చొక్కా జేబులో పెట్టారు.

ఇంటికి వచ్చాక నాగజ్యోతి ఆ కాగితం చదివింది. "చెప్పింది మీరే కదండీ. నేను వంటింట్లోంచి విన్నాను" అంది. ఆమె ఆ రోజు నాకు అన్నం వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది, ఎదురుగా కూర్చోలేదు.

ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆ కాగితాన్నే సాకుగా చూపించి పుష్పమ్మ అర్జీ కొట్టేశారు. ఎవరూ చెప్పకుండా చేసిన పని డ్యూటీ కాదన్నారు. భవానికి ఉద్యోగం రాలేదు. సత్యదేవ్ 'చూద్దామండీ' అంటూనే ఉన్నాడు. మూల మాత్రం ఇప్పటికీ శుభ్రంగా ఉంది. ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించారు. నేను రోజూ దాని ముందు నిలబడి లిఫ్టు కోసం చూస్తాను. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి అని తప్పించుకోవచ్చు. కానీ ఆమె వేలిముద్ర కోసం అల్వాల్ బస్సెక్కేటప్పుడే, ఇలా అవుతుందని నాలో ఒక మూల తెలుసు.

వాళ్ళది ఒకే గది. పైన రేకులు. పుష్పమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. సగానికి సగం అయిపోయింది మనిషి. కుడిచెయ్యి చివర తెల్లగుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. భవాని స్టూలు వేసింది. నేను కాగితం ఇచ్చి, కింద పుష్పమ్మ వేలిముద్ర కావాలన్నాను.

"చదువు బిడ్డా" అంది పుష్పమ్మ.

భవాని పైకి చదివింది. నిజాయితీ, సేవలు అన్న మాటలకు పుష్పమ్మ మొహం విచ్చుకుంది. 'ఎవరూ చెప్పకుండానే' దగ్గర భవాని ఆగింది. ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివి, నా వైపు చూసింది.

"ఇదేంది సార్ గిట్ల రాసిన్రు? మీరు చెప్పలేదా?"

నేను స్టాంపు ప్యాడ్ జేబులోనే తడుముకుంటూ, "కమిటీ అందరూ కలిసి రాసిందమ్మా ఇది" అన్నాను.

పుష్పమ్మకు కోపం రాలేదు. ఏదో గుర్తుచేస్తే సరిపోతుందన్నట్టు మెల్లగా అడిగింది. "సార్, నేను గ్లౌజులు తీసి చేతులు కడుక్కున్ననాడు మీరు బాల్కనీల ఉన్నరు గద. కాఫీ తాగుకుంట చూసిన్రు. అమ్మ సుత పసుపు తెచ్చిచ్చింది. జెర యాది చేసుకోండ్రి."

ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. ఒక్క మాట చాలు. 'అవును, నేనే చెప్పాను' అంటే, అక్కడే ఆ కాగితంలో రాసింది కొట్టేసి వెనక ఖాళీ పేజీ మీద నా చేత్తో రాసిస్తే అయిపోయేది. పెన్ను జేబులోనే ఉంది.

"నాకు సరిగ్గా గుర్తులేదు పుష్పమ్మా" అన్నాను.

పక్కింటి కుక్కరు కూత వినిపించింది. భవాని కాగితం మడిచి నా వైపు చాపింది. "అమ్మా, నువ్వు దీని మీద వేలు ముద్ర ఎయ్యకు. మనకొద్దు గిది" అంది.

"వేస్తేనే నీ పని సంగతి ప్రెసిడెంట్ గారు చూస్తానన్నారమ్మా" అన్నాను.

పుష్పమ్మ కూతురి మొహం చూసింది, నా మొహం చూసింది. చాలాసేపు తన ఒళ్ళోని తెల్లగుడ్డ వైపు చూసింది. ఆమెకు అర్థమైందని నాకు తెలుసు. ఆమె మా వీధిని ఊడ్చిన మనిషి, ఎవరింటి కవర్లో ఏముంటుందో ఆమెకు తెలుసు. అయినా కూతురి పని అన్న మాట దగ్గర ఆగిపోయింది.

"ఊకో బిడ్డా. సార్ పెద్దమనిషి, యాదికి లేకపోవచ్చు. ఇట్ల తేండ్రి సార్" అంది.

భవాని బయటికి వెళ్ళి గుమ్మం అవతల నిలబడింది. నేను ప్యాడ్ తెరిచి మంచం మీద పెట్టాను. కాగితం కదలకుండా పట్టుకునేందుకు పుష్పమ్మకు రెండో చెయ్యి లేదు, అందుకని నేనే పట్టుకున్నాను. ఆమె ఎడమ బొటనవేలు ప్యాడ్ మీద అద్ది, కాగితం దాకా తెచ్చి, ఆగి, సిగ్గుపడుతున్నట్టు నా వైపు చూసింది.

"ఎడమ చెయ్యితోని ఇస్తున్న సార్, ఏమనుకోకుండ్రి" అంది.

"పర్వాలేదమ్మా" అన్నాను. ముద్ర సరిగ్గా పడేలా ఆమె వేలు పట్టుకుని నేనే ఒత్తాను.